సాయంత్రం 5 గంటల 19 నిమిషాలు

కోటిపల్లి,
బుధవారం రాత్రి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ముక్తేశ్వరం నుంచి మీ తమ్ముడు పంటు దిగి తెచ్చిచ్చిన సంచీ అందింది. పైన పనస తొనలు, అడుగున నీ రాతప్రతి. తొనలు ఆ పూటే చెల్లిపోయాయి. 140 పేజీలకి మాత్రం పది రోజులు పట్టింది. కళ్ళు మునుపటిలా లేవు, పైగా రెండుసార్లు చదివితే గానీ నేను నోరు విప్పను. మీ నాన్న టెన్త్ కాంపోజిషన్ నోటుపుస్తకాలు కూడా అలాగే రెండేసి సార్లు చూసేవాణ్ణి. అడిగి చూడు, ఇంకా తిట్టుకుంటూ ఉంటాడు.

"పుస్తకం వెయ్యచ్చా మాస్టారూ?" అని అడిగావు. ఇప్పుడే వద్దు.

ఎందుకు వద్దో చెప్పే ముందు ఒక మాట. 1965 యుద్ధంలో మన వైమానిక దళాధిపతిగా ఉన్న అర్జన్ సింగ్ గారి మీద తెలుగులో రాయాలని నీకెందుకు అనిపించిందో ప్రతిలో ఎక్కడా చెప్పలేదు. దానికి గుచ్చిన ఉత్తరంలో చెప్పావు. మీ అమ్మ తరపు తాతగారు ఎయిర్‌మన్‌గా పనిచేశారని, 1965 యుద్ధమప్పుడు పంజాబ్‌లో ఒక బేస్‌లో విమానాలకి తూటాల బెల్టులు ఎక్కించేవారని రాశావు. ఆ కిందనే, "వెళ్ళినవి లెక్కపెట్టుకునేవారట, వచ్చినవి లెక్కపెట్టుకునేవారట, లెక్క సరిపడేదాకా టీ ముట్టేవారు కాదట" అన్నావు. అమ్మాయ్, అలాంటి వాక్యం నీ 140 పేజీల్లో ఒక్కటి లేదు. ఉత్తరం నువ్వు రాశావు, పుస్తకం మాత్రం ఎవరో ఆఫీసు గుమాస్తా చేత రాయించినట్టుంది.

మొదటి పేజీలోనే ఆయన్ని గగనసింహం చేశావు. మూడో పేజీలో ఉక్కుగద్ద. ఏడో పేజీకి వాయుపుత్రుడు. ఆంజనేయుడి దాకా వెళ్ళిపోయాక ఇంకెక్కడికి వెళతావు, అవతల సముద్రమే కదా! ఆ బిరుదులన్నీ కొట్టేశాను. కొట్టేసిన చోట కింద ఏముందో చూస్తే, ఏమీ లేదు.

ఇక మిగతాది. 1919 ఏప్రిల్ 15న లాయల్‌పూర్‌లో పుట్టడం, 19వ ఏట ఇంగ్లాండులోని క్రాన్‌వెల్ వైమానిక కాలేజీకి ఎంపికవడం, 1939 డిసెంబరులో పైలట్ ఆఫీసరు కావడం, 1944లో డీఎఫ్‌సీ అనే శౌర్య పతకం, 1947 ఆగస్టు 15న ఎర్రకోట మీదుగా వందకి పైగా విమానాల వరసకి ముందుండి నడపడం, 1964 ఆగస్టు 1న వైమానిక దళాధిపతి పదవి, పద్మవిభూషణ్, స్విట్జర్లాండులో రాయబారి, కెన్యాలో హైకమిషనర్, ఢిల్లీ లెఫ్టినెంట్ గవర్నరు, 2002లో మార్షల్ హోదా. వరస తప్పలేదు. పెళ్ళివారికి పంపే బయోడేటాకి సరిగ్గా సరిపోతుంది. పతకాలకీ పదవులకీ కలిపి 31 పేజీలు ఇచ్చావు. 1965 సెప్టెంబరు 1 సాయంత్రానికి ఎంత ఇచ్చావో తిప్పి చూసుకో. ఏడు లైన్లు.

ఆ ఏడు లైన్ల సంగతికి వస్తాను. ముందు తప్పులు.

ఆయన చూసిన రెండు యుద్ధాలు 1965, 1971 అని ముందుమాటలో రాసేశావు. 1971లో ఆయన ఆ కుర్చీలో లేరు. 1969 జూలైలోనే పదవి దిగిపోయారు, అప్పటికి 50 ఏళ్ళు. 1971 యుద్ధం నడిపింది ప్రతాప్ చంద్ర లాల్ గారు. 1965లో అర్జన్ సింగ్ గారికి వైస్ చీఫ్‌గా పక్కనే ఉన్న మనిషి. నీ పుస్తకంలోని రెండు యుద్ధాలు బర్మా, 1965. ఈ రెంటికీ మధ్య 21 ఏళ్ళు. ఆ ఎడమే నీ పుస్తకం, అది చివర్లో చెబుతాను. ఇంకొకటి: సెప్టెంబరు యుద్ధంలో ఆయన్ని పదే పదే ఎయిర్ చీఫ్ మార్షల్ అన్నావు. అప్పటికి ఆయన ఎయిర్ మార్షల్. ఆ పై హోదా 1966 జనవరిలో వచ్చింది, మన దళంలో అది అందుకున్న మొదటివాడు ఆయనే. పదవి వేరు, హోదా వేరు. తాసీల్దారుని కలెక్టరు అంటే మన ఊళ్ళో ఊరుకుంటారా?

నువ్వు నొచ్చుకుంటావని నా సంగతి కూడా చెప్పేస్తున్నాను. ముప్ఫయి ఏళ్ళ వయసులో ఒక కథ రాశాను, వారపత్రికలో వచ్చింది. అందులో ఫైటర్ జెట్టు నేల మీద నిలబడి ఉంటుంది, దాని ముందున్న రెక్కలు గిర్రున తిరుగుతుంటాయి, ఆ గాలికి పైలట్ భార్య చీర కొంగు ఎగురుతుంది. ఎంత మురిసిపోయానో ఆ కొంగు చూసుకుని. పది రోజులకి పోస్టుకార్డు వచ్చింది. "అయ్యా, జెట్టుకి ముందు ఫంకా ఉండదు. దాని వెనకాల నిలబడి ఉంటే చీరే ఉండదు." కింద సంతకం లేదు, రిటైర్డ్ సార్జెంట్ అని మాత్రం ఉంది. ఆ కార్డు ఇప్పటికీ నా నిఘంటువులో పెట్టుకుని ఉన్నాను. నువ్వు కూడా "26 విమానాలు ఒక్కసారిగా నింగికెగశాయి" అని రాశావు చూడు, ఆ సార్జెంట్ గారు బతికుంటే నీకూ ఒక కార్డు పడేది. విమానం లేచి పని చూసుకుని తిరిగి రావడాన్ని సార్టీ అంటారు. ఆ సెప్టెంబరు 1 సాయంత్రం జరిగినవి 26 సార్టీలు, 12 వాంపైర్ జెట్లవి, 14 మిస్టేర్ జెట్లవి. వాంపైర్లు నాలుగేసి చొప్పున వెళ్ళాయి. మొదటి నాలుగింటి వెనక రెండో నాలుగు, వాటి వెనక మూడో నాలుగు. ఇలా విడివిడిగా రాయాలి, ఎందుకంటే ముందు వెళ్ళినవాళ్ళకి ఏమైందో తెలియకుండానే వెనకవాళ్ళు లేచారు.

నీ పుస్తకం లాయల్‌పూర్‌లో మొదలవుతుంది. తప్పేం లేదు. కానీ కోనసీమలో కూర్చుని చదివేవాడికి లాయల్‌పూర్ ఎక్కడో. వాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాలంటే మన గుమ్మంలోంచే తీసుకెళ్ళాలి. గుమ్మం లేదనుకున్నావు కామోసు. ఉంది.

మా ఊరి రైలు సంగతి తెలుసా? కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో లైను వేశారు. 1940లో పట్టాలు పీక్కుపోయారు, యుద్ధానికి ఇనుము కావాలని. మళ్ళీ ఈ ఊళ్ళో రైలు కూత వినపడింది ఈ శతాబ్దంలోనే. చిన్నప్పుడు మేము ఆ గట్టు మీద గేదెల్ని తోలుకెళ్ళేవాళ్ళం. "ఇది రైలుగట్టురా" అంటే రైలేదీ అని అడిగేవాళ్ళం. "యుద్ధంలోకి పోయింది" అనేది మా నాయనమ్మ, మనిషి పోయినట్టు.

ఆవిడ రంగం సంగతి కూడా చెప్పేది. రంగూన్‌ని మనవాళ్ళు రంగం అనే అన్నారు. కోరంగి రేవు నుంచి, ఆ తరవాత కాకినాడ నుంచి ఓడలెక్కి వెళ్ళినవాళ్ళు వేలు. బర్మావాళ్ళు మన కూలీలందరికీ కొరంగీలని పేరు పెట్టేశారంటే ఎంతమంది వెళ్ళుంటారో చూసుకో. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగం మీద బాంబులు వేశాయి. రేవు దగ్గర మనవాళ్ళు చాలామంది పోయారు. 1942 మార్చి 8న ఊరు జపాన్‌వాళ్ళ చేతికి చిక్కింది. ఓడ దొరికినవాళ్ళు ఓడలో వచ్చారు, దొరకనివాళ్ళు నడిచారు. మా పెదతాత నడిచాడు. బర్మా సరిహద్దులో తాము అనే ఊరి మీదుగా పాలెల్, అక్కణ్ణుంచి ఇంఫాల్. ఇల్లు చేరేసరికి మనిషిని చూసి మా పెద్దనాయనమ్మ గుర్తుపట్టలేదుట. వచ్చిన కొన్నాళ్ళకే, 1942 ఏప్రిల్ 6న, ర్యూజో అనే జపాన్ ఓడ మీంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. "నా వెనకాలే వచ్చేశాయే" అన్నాడట ఆయన. అని మళ్ళీ మూట కట్టుకోబోయాడట.

ఇప్పుడు నీ కథానాయకుడి దగ్గరకి రా. మా పెదతాత కాళ్ళీడ్చిన ఆ తాము, పాలెల్ దారి మీదుగానే రెండేళ్ళ తరవాత స్క్వాడ్రన్ లీడర్ అర్జన్ సింగ్ హరికేన్ విమానాలు ఎగిరాయి. 1944 ఫిబ్రవరిలో 1వ నంబరు స్క్వాడ్రన్‌ని తీసుకుని ఇంఫాల్ వచ్చారు, దాదాపు 14 నెలలు అక్కడే ఉన్నారు. మార్చి నుంచి జపాన్ సైన్యం ఊరిని చుట్టేసింది. జూన్ 22న కోహిమా రోడ్డు మళ్ళీ తెరుచుకునేదాకా తిండి దగ్గర్నుంచి తూటాల దాకా గాల్లోంచి రావాల్సిందే. ఈయన స్క్వాడ్రన్ పని ముఖ్యంగా చూసి రావడం. చెట్ల కింద సైన్యం ఎక్కడుంది, ఏ గుట్ట మీద కొత్తగా మట్టి తవ్వారు, నిన్న లేని బాట ఇవాళ ఎందుకుంది. పైలట్లు కిందకి దిగి కళ్ళతో చూసి, తిరిగొచ్చి చెప్పాలి. చూసినదాని మీద అవసరమైతే దాడి చెయ్యాలి. అప్పుడాయనకి 25 ఏళ్ళు, ఇప్పుడు నీ వయసు. డీఎఫ్‌సీ పతకాన్ని మౌంట్‌బాటన్ స్వయంగా అక్కడికే వచ్చి గుండెకి తగిలించారు. నువ్వు పతకాన్ని వర్ణించావు, వెండిది, రిబ్బను ఇలా ఉంటుంది అని. ఆయన చూసి వచ్చిన అడవిని వర్ణించు.

ఆయన తప్పుల్ని కూడా దాచకు. నీ ప్రతిలో ఆయన ఏనాడూ తడబడలేదు, అందుకే నమ్మబుద్ధి కాదు. వాయవ్య సరిహద్దులో కుర్రతనంలో ఎగురుతుంటే, కింద నుంచి కొండజాతులవాళ్ళు పేల్చిన తుపాకులకి విమానం దెబ్బతిని ఎండిపోయిన వాగులో దింపాల్సి వచ్చింది. ముక్కు పగిలింది. వెనక సీటు గన్నర్ కంగారులో తుపాకులు పేలుస్తున్నవాళ్ళ వైపే పరుగెత్తాడు. ఈయన నెత్తురు తుడుచుకుంటూ వెంటబడి వెనక్కి మళ్ళించాడు. ఇది నీకు దొరికింది కూడా, అంచులో పెన్సిలుతో రాసుకున్నావు, లోపలికి మాత్రం రానివ్వలేదు. 1945లో కేరళలో ఇళ్ళ మీదుగా మరీ కిందకి ఎగిరినందుకు విచారణ ఎదుర్కొన్న సంగతీ అంతే. గన్నర్ వెంట పరుగెత్తిన కుర్రాడు, ఇళ్ళ మీద అల్లరి చేసిన ఆఫీసరు కనిపిస్తేనే కదా, 1965లో బల్ల వెనక కూర్చున్న మనిషి ఎవరో మనకి అర్థమయ్యేది.

సరే, ఆ ఏడు లైన్లు.

1965 సెప్టెంబరు 1 తెల్లవారుజామున పాకిస్తాన్ ఛంబ్ వైపు నుంచి ట్యాంకులతో దిగింది. గురి అఖ్నూర్ మీద. అక్కడ చీనాబ్ మీద వంతెన ఉంది. అది పోతే జమ్మూ నుంచి రాజౌరీ, పూంఛ్ వైపు వెళ్ళే దారి తెగిపోతుంది. మన దగ్గర అక్కడున్నవి తేలికపాటి ట్యాంకులు, ఎదుట పాటన్‌లు. మధ్యాహ్నం దాటేసరికి విమానాలు పంపమని సైన్యం అడిగింది. అంతకు మూడేళ్ళ ముందు, 1962లో, చైనాతో యుద్ధంలో మన ఫైటర్లని బయటికి తియ్యనే లేదు. రవాణా విమానాలు తిరిగాయి గానీ దాడికి ఎవర్నీ పంపలేదు. ఆ అడగని ప్రశ్న అందరి మెదళ్ళలోనూ ఉంది. రక్షణమంత్రి చవాన్ గారు అడిగారు, ఎంతసేపట్లో పంపగలరు అని. గంటలో అని ఈయన అన్నారు. 5 గంటల 19 నిమిషాలకి పటాన్‌కోట్‌లో మొదటి వాంపైర్లు నేల వదిలాయి. గంట కూడా పట్టలేదు.

నువ్వు ఇక్కడ ఆపేసి చప్పట్లు కొట్టించావు. ఇక్కడ ఆపకూడదు.

వాంపైర్ అంటే ఏమిటో చెప్పాలి. 1948లో మన దేశానికి వచ్చిన మొదటి జెట్టు. పైలట్ కూర్చునే ముందుభాగం లోహం కాదు, పొరచెక్క, బాల్సా చెక్క. మన నాటుపడవలు కట్టే మేస్త్రీకి చూపిస్తే ముచ్చటపడతాడు. 17 ఏళ్ళ తరవాత దాన్ని పాకిస్తాన్ సేబర్ జెట్లు తిరిగే చోటికి పంపారు. అవి దానికన్నా వేగం, దానికన్నా కొత్తవి. నాలుగు వాంపైర్లు కూలాయి. ఒక పైలట్ పారాచూట్‌తో దిగి బతికాడు. భగ్‌వాగర్, జోషి, భరద్వాజ్ తిరిగి రాలేదు. ఈ మూడు పేర్లు నీ 140 పేజీల్లో లేవు, వెతికాను. దుమ్ములోను, పొద్దువాలే వెలుతురులోను ఏది ఎవరి బండో తెలియక మన సైన్యం వాహనాలు కొన్ని మన విమానాల దెబ్బకే పోయాయి, అదీ లేదు. ఆ తరవాత వాంపైర్లని ముందు వరస నుంచి తప్పించేశారు. పాకిస్తాన్ ట్యాంకుల ఊపు ఆ సాయంత్రం తగ్గింది, అఖ్నూర్ వంతెన దక్కింది. విమానాలు వెళ్ళకపోతే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. వెళ్ళినందువల్ల ఏమైందో మాత్రం తెలుసు.

"గంటలో" అన్న మాట గొప్పది అని నువ్వు రాశావు. గొప్పదో కాదో నాకు తెలియదమ్మా. బరువైనది. ఎలా బరువైనదో మన డెల్టావాళ్ళకి చెప్పడం ఏమంత కష్టం కాదు. ధవళేశ్వరం దగ్గర నీళ్ళు 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఇది మన చంటిపిల్లలకి కూడా ఎక్కాల్లా వచ్చు. లంకలు ఖాళీ చెయ్యమని ఎవరో ఒక ఆఫీసరు చెప్పాలి. ముందుగా చెబితే, నీళ్ళు రాకపోతే, గొడ్డూ గోదా వదిలిపెట్టించాడని తిడతారు. ఆలస్యంగా చెబితే తిట్టడానికి మనుషులుండరు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు నేను మా స్కూలు డాబా మీద నలభై కుటుంబాలతో ఉన్నాను. హెలికాప్టర్ నుంచి పొట్లాలు పడేశారు, సగం నీళ్ళలో పడ్డాయి. ఆ రెండు రోజులూ నేను ఆలోచించింది, పైన ఎవరో ఒకాయన ఏ గంటలో ఏం చెప్పి ఉంటాడా అని. ఆయన్ని తిట్టుకున్నాను కూడా. ఆయన ముందు ఆ గంటలో ఏమేం కాగితాలు ఉన్నాయో తెలియకుండానే. నీ అధ్యాయం రాసేటప్పుడు ఆ డాబా మీదికి వెళ్ళక్కర్లేదు. ఆ కాగితాలున్న గదిలోకి వెళ్ళు. మంత్రి అడిగినప్పుడు అర్జన్ సింగ్ గారికి తెలిసినవి ఏమిటి, తెలియనివి ఏమిటి. పటాన్‌కోట్‌లో ఏ విమానాలు సిద్ధంగా ఉన్నాయి, వెలుతురు ఇంకెంతసేపు ఉంటుంది, అవతల సేబర్లు గాల్లో ఉంటాయా ఉండవా. ఇవి రాస్తే ఆయన గొప్పవాడని నువ్వు చెప్పక్కర్లేదు, కాదని కూడా చెప్పక్కర్లేదు.

సెప్టెంబరు 6 సాయంత్రం సంగతి కూడా ఒక్క ముక్కలో దాటేశావు, "కొంత నష్టం జరిగింది" అని. అదే పటాన్‌కోట్ మీదకి సేబర్లు వచ్చి నేల మీదున్న విమానాల్ని పది దాకా తగలబెట్టి పోయాయి, అందులో కొత్తగా వచ్చిన మిగ్-21లు రెండు. దళాధిపతి ఢిల్లీలో ఉంటాడు, విమానాలు పటాన్‌కోట్‌లో కాలతాయి, జవాబు మాత్రం ఆయనే చెప్పాలి. మర్నాడు, 7వ తారీఖున, పాకిస్తాన్‌లోని సర్గోధా వైమానిక స్థావరం మీద దాడికి వెళ్ళిన మిస్టేర్లలో పైలట్ దేవయ్య గారిది తిరిగి రాలేదు. ఆయన ఆ రోజు అదనంగా, ఎవరైనా ఆగిపోతే వెళ్ళడానికి ఉన్నవాడు. ఎదురుపడ్డ పాకిస్తాన్ స్టార్‌ఫైటర్ జెట్టుని పడగొట్టాకే పోయాడని మనకి చాలా ఏళ్ళకి, అవతలివాళ్ళ వైపు కథనం బయటికొచ్చాక గానీ తెలియలేదు. మహావీరచక్ర 1988లో ఇచ్చారు, 23 ఏళ్ళకి. మీ తాతగారి లెక్క లాంటిదే అది. ఒకటి తక్కువొచ్చిందని తెలుసు, ఎందుకు తక్కువొచ్చిందో తెలియదు. నువ్వు రాసేటప్పుడు ఒకవైపు కాగితాలే చదివితే దేవయ్య లాంటివాళ్ళు ఎవరికీ తెలియకుండానే ఉండిపోతారు. రెండు వైపులా చదువు. ఇద్దరూ అబద్ధాలాడే చోట ఇద్దరి అబద్ధాలూ పక్కపక్కన పెట్టు.

నీ ప్రతిలో నాకు బాగా నచ్చిన చోటు ఒకటుంది. ముందే చెప్పాల్సింది, తిట్లలో పడి మర్చిపోయాను. 97వ పేజీలో కచ్ రణ్ సంగతి. 1965 ఏప్రిల్‌లో అక్కడ రెండు సైన్యాలూ కాల్చుకుంటున్నప్పుడు పాకిస్తాన్ వైమానిక దళాధిపతి అస్గర్ ఖాన్ ఈయనకి ఫోన్ చేశారు. విమానాల్ని ఇందులోకి దింపొద్దని ఇద్దరూ అనుకున్నారు. ఇద్దరూ ఒకే దళంలో ఎదిగినవాళ్ళు, బర్మాలో ఒకే శత్రువు మీద స్క్వాడ్రన్లు నడిపినవాళ్ళు. అది నువ్వు రెండు పేజీల్లో ఏ అలంకారమూ లేకుండా రాశావు, చదువుతుంటే ఫోన్ తీగ కనిపించింది నాకు. దానికి ఒక్కటి కలుపు. జూలైలో అస్గర్ ఖాన్ పదవి దిగిపోయారు, నూర్ ఖాన్ వచ్చారు. సెప్టెంబరు 1 నాటికి ఆ ఫోన్ అటువైపు ఎత్తే మనిషి మారిపోయాడు. ఇంకా ఒకటి. ఆయన పుట్టిన లాయల్‌పూర్ అప్పటికి అవతలి దేశంలో ఉంది. బాంబులు వెయ్యమని తను పంపిన సర్గోధా ఆ ఊరికి ఎంతో దూరం కాదు. దీని గురించి ఆయన ఏమనుకున్నారో కల్పించకు. ఊరు అక్కడుందని చెప్పు, చాలు.

ఇప్పుడు ఆ 21 ఏళ్ళ ఎడం. ఇంఫాల్‌లో సాయంత్రం విమానం లేవాలంటే తను లేచేవాడు. ఏమైనా అయితే తనకయ్యేది. పటాన్‌కోట్‌లో సాయంత్రం విమానాలు లేస్తున్నప్పుడు ఆయన ఢిల్లీలో ఉన్నారు. అరవై రకాల విమానాలు నడిపిన మనిషి, 46వ ఏట, ఫోన్ దగ్గర. మీ తాతగారు లాంటివాళ్ళు రన్‌వే పక్కన నిలబడి లెక్కపెట్టారు, ఈయన నిలబడకుండా లెక్కపెట్టి ఉంటారు. పై నుంచి కింద దాకా ఆ సాయంత్రం అందరూ చేసింది ఒకే పని. మీ తాతగార్ని పుస్తకంలోకి రానివ్వడానికి నువ్వు మొహమాటపడుతున్నావు, పెద్దాయన చరిత్రలో మా ఇంటి మనిషి ఎందుకని. తూటాల బెల్టు ఎక్కించిన చెయ్యి లేకపోతే ఆ "గంటలో" ఎక్కడిది? ఇంజనుకి ఇంధనం పట్టింది ఎవరు, రెక్క కింద రాకెట్లు తగిలించింది ఎవరు, నాలుగు తిరిగి రాకపోతే ఖాళీగా మిగిలిన చోట రాత్రంతా చూస్తూ నిలబడింది ఎవరు?

చివరి అధ్యాయంలో 2015 జూలై చక్కగా వచ్చింది. కలాం గారి భౌతికకాయం పాలం విమానాశ్రయానికి వచ్చినప్పుడు 96 ఏళ్ళ ఈయన చక్రాల కుర్చీ లోంచి లేచి నిలబడి సెల్యూట్ చెయ్యడం. ఫోటో అందరూ చూశారు కనుక వర్ణన తగ్గించు. పొలం అమ్మి వచ్చిన సొమ్ములోంచి రెండు కోట్లు మాజీ వైమానికుల సంక్షేమానికి ఇచ్చిన సంగతి దాని ముందు పెడితే ఆ సెల్యూట్‌కి నువ్వు విశేషణం వెతుక్కోనక్కర్లేదు. 2017 సెప్టెంబరు 16న ఆయన పోయారని చెప్పాక రాసిన ఆరు పేజీల నివాళి మొత్తం తీసెయ్యి.

భాష గురించి రెండు మాటలు. స్క్వాడ్రన్‌ని దండు అనకు, హరికేన్‌ని తుపాను విమానం అనకు. వింగ్ కమాండర్‌ని పక్షదళపతి అన్నావు, చదివి మా ఆవిడని పిలిచి చూపించాను, ఇద్దరం నవ్వుకున్నాం. మీ తాతగారు ఇంట్లో ఏమనేవారో అదే రాయి. ఎయిర్‌ఫోర్స్‌లో చేసిన మనవాళ్ళు "సార్టీకెళ్ళారు", "టార్మాక్ మీదుంది" అనే అంటారు, పక్కనే "ఏరా అబ్బాయ్" అనీ అంటారు. ఆ రెండూ కలిసిన తెలుగు నీ చెవిలో ఉంది. ఉత్తరంలో దిగింది, పుస్తకంలోకి రాలేదు.

ఎర్రసిరాతో దిద్దిన ప్రతి నా దగ్గరే ఉంది, పోస్టులో పంపను. వచ్చే ఆదివారం రా. పతకాల, పదవుల ఆ 31 పేజీలూ ఇంట్లో వదిలేసి, 5 గంటల 19 నిమిషాల దగ్గర మొదలుపెట్టి పది పేజీలు కొత్తగా రాసుకుని రా. మీ తాతగారి ట్రంకు పెట్టె ఉందన్నావు కదా, మూత మీద తెల్లరంగుతో నంబరు రాసి ఉన్నది, దాన్లో కాగితాలేమైనా ఉంటే అవీ తీసుకురా. పెట్టె మొయ్యకు, కాగితాలు చాలు. మామిడికాయ పప్పు చేయిస్తాను.

గౌతమి ఎక్కువగానే పారుతోంది. చీకటి పడితే పంటు నడపరు. పొద్దుండగానే వెనక్కి వెళ్ళేలా పెందరాళే బయల్దేరు. అవతల రేవులో దిగగానే మీ తమ్ముడి చేత నాకు ఒక ఫోన్ కొట్టించు. అది వచ్చేదాకా నేను రేవు దగ్గరే ఉంటాను.

ఇట్లు,
మీ మాస్టారు